అత్తయ్యను ఇళ్ళు తిప్పకండి, మీరే వంతులేసుకోండి

ప్రశ్న:

నాకు 48 ఏళ్ళు, మాది తెనాలి. మా అత్తయ్యకు 79. మూడేళ్ళ కిందట గుంటూరులో డాక్టరుగారు చూసి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అన్నారు. మామయ్య పోయిన దగ్గర్నుంచీ ఆవిడ మా దగ్గరే. మామయ్య పెన్షన్‌లో ఆవిడ వాటా నెలనెలా బ్యాంకులో పడుతోంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, మంచివారే, పొద్దున్నే క్లాసులుంటాయి. మరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ఆడపడుచు విశాఖలో ఉంటుంది. అత్తయ్య రాత్రి రెండింటికి లేచి చీరలు మూట కట్టుకుని 'మా ఇంటికి పోతా, గేటు తియ్యి' అంటుంది. ఏడాదిగా ఒక్క రాత్రి కూడా నేను సరిగా పడుకోలేదు. నా థైరాయిడ్ మాత్రలు అయిపోయి రెండు నెలలైంది, తెచ్చుకునే తీరిక లేదు. పోయిన నెల స్నానం చేయనని గిల్లితే విసురుగా చెయ్యి పట్టి లాగాను, మణికట్టు పైన కమిలిపోయింది. ఇంట్లో అందరికీ తలుపు గడియ తగిలిందని చెప్పాను. ఇప్పుడు మరిదీ ఆడపడుచూ కలిసి నాలుగేసి నెలలు వంతులేసుకుందాం అంటున్నారు. పోయిన వేసవిలో నెల రోజులకని హైదరాబాద్ పంపితే లిఫ్టులో కిందికి దిగి ఎటో వెళ్ళిపోయింది, దొరికేసరికి సాయంత్రమైంది. తిరిగొచ్చాక నన్ను చూసి 'నువ్వెవరి కోడలివమ్మా' అంది. వంతులకు ఒప్పుకోవాలా? ఒప్పుకోకపోతే ఇక జన్మంతా నేనేనా? ఒక్కోసారి ఈవిడ పోతే బాగుండు అనిపిస్తుంది. నేనంత చెడ్డదాన్నా?

సమాధానం:

మీ ఆఖరి ప్రశ్న ముందు పక్కన పెట్టేద్దాం. ఏడాది పాటు రాత్రిళ్ళు నిద్రలేని మనిషి తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న కాదది. ముందు పడుకోండి, తర్వాత తేల్చుకుందురుగాని. 'ఈవిడ పోతే బాగుండు' అనిపించడం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళను ఇంట్లో పెట్టుకుని చూసేవాళ్ళలో చాలామందికి ఏదో ఒక అర్ధరాత్రి ఈ ఆలోచన వచ్చే ఉంటుంది, బయటికి చెప్పరంతే. మీరు కోరుకుంటున్నది ఆవిడ చావు కాదు, ఈ రాత్రుళ్ళు ఆగిపోవాలని. ఆ మాటకొస్తే మీకు తెలిసిన అత్తయ్య, పచ్చళ్ళు పెట్టి మిమ్మల్ని సాధించిన ఆ అత్తయ్యో, మీ కాన్పులప్పుడు కూర్చుని పథ్యం వండిపెట్టిన అత్తయ్యో, ఆవిడ కొంచెం కొంచెంగా పోతూనే ఉంది. దానికీ ఏడుపు ఉంటుంది. మనిషి కళ్ళెదురుగా తిరుగుతుంటే ఏడవడానికి వీల్లేదు కాబట్టి అది చిరాకై బయటికొస్తుంది.

కమిలిన మచ్చ విషయం మాత్రం పక్కన పెట్టను. ఆ వయసు చర్మం చాలా పల్చగా ఉంటుంది, రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే కొంచెం గట్టిగా పట్టుకున్నా నల్లబడుతుంది, అది నిజమే. అయినా మీరు విసురుగా లాగారు, తప్పును గడియ మీదికి నెట్టేశారు. పాపం, పుణ్యం లెక్కలు వద్దు గానీ, మీ ఒక్కరి చేతులతో ఈ పని ఇక నడవదని మీ చేతులే చెప్పాయి. కాబట్టి ఈ రాత్రే మీవారికి ఉన్నదున్నట్టు చెప్పండి. 'నేనే లాగాను, మళ్ళీ లాగుతానేమో అని భయంగా ఉంది' అనండి. గడియ కథ అలాగే ఉంటే ఎవరూ ఏదీ మార్చరు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అంతా సవ్యంగానే నడుస్తోంది. ఇక మళ్ళీ చెయ్యి లేవబోతున్నట్టనిపిస్తే, ఆవిడ కింద పడే చోట లేదని చూసుకుని, బయటికొచ్చేయండి. స్నానం సగంలో ఉన్నా సరే, తువ్వాలు కప్పి కుర్చీలో కూర్చోబెట్టి, మీరు గుమ్మం దగ్గర నిలబడి కాసేపు ఊపిరి పీల్చుకోండి. సబ్బు ఆరిపోతే ఆరిపోయింది.

ఇప్పుడు వంతులు. మన ఊళ్ళలో పొలాలు పంచుకున్నట్టే అమ్మానాన్నలనూ పంచుకోవడం ఉన్నదే, ఉగాది నుంచి పెద్దాడి దగ్గర, దసరా నుంచి చిన్నాడి దగ్గర. మతి స్థిమితంగా ఉన్నవాళ్ళకే సంచి సర్దుకుని ఒక కొడుకింటి నుంచి ఇంకో కొడుకింటికి బయల్దేరడం మనసుకు కష్టం. డిమెన్షియా మనిషికైతే అది కష్టం కాదు, దెబ్బ. ఎందుకంటే ఆ జబ్బులో కొత్త సంగతులు తలలో నిలవవు, పాత అలవాట్లు మాత్రం చాలాకాలం ఉంటాయి. మీ ఇంట్లో బాత్రూమ్ ఎటుందో అడిగితే చెప్పలేకపోవచ్చు, కానీ రాత్రి లేచినప్పుడు ఆవిడ కాళ్ళు అటే వెళ్తాయి. చెయ్యి స్విచ్చు మీదికి దానంతటదే పోతుంది. హైదరాబాద్‌లో పన్నెండో అంతస్తో పదో అంతస్తో, అక్కడ ఆ కాళ్ళకు దారి తెలియదు. తెలుసుకునేసరికి నాలుగు నెలలు అయిపోతాయి, అప్పుడు విశాఖ బండెక్కించాలి. అసలు తెలుసుకోనే తెలుసుకోదు. పోయిన వేసవిలో ఆవిడ తప్పిపోవడం మీ మరిది అజాగ్రత్త కాదు, తోడికోడలు తప్పూ కాదు. ఇల్లు మారితే అలాగే అవుతుంది.

అందుకని వంతులకు ఒప్పుకోండి, కానీ తిరగాల్సింది ఆవిడ కాదు, వాళ్ళు. అత్తయ్య తెనాలిలో ఆ మంచం మీదే ఉంటుంది. మీ మరిది వచ్చి మీ ఇంట్లో కూర్చుని తన అమ్మను చూసుకుంటాడు. ఆడపడుచు వస్తుంది. ఆ రోజుల్లో మీరు ఇంట్లో ఉండరు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఉండకూడదు. ఉంటే ఆవిడ 'అమ్మాయ్' అని మిమ్మల్నే పిలుస్తుంది, మరిది 'వదినా, కొంచెం చూస్తారా' అంటాడు, సాయంత్రానికి మీరే ఆవిడ ప్లేటూ వాళ్ళ ప్లేటూ కడుగుతుంటారు. పుట్టింటికి వెళ్ళండి, అక్క దగ్గరికి వెళ్ళండి, ఎవరూ లేకపోతే అదే ఊళ్ళో స్నేహితురాలింట్లో పడుకోండి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇంటి నుంచి పని చేసే వెసులుబాటు ఎంతోకొంత ఉంటుంది. హైదరాబాద్‌లో గది తలుపేసుకుని చేసే ఉద్యోగం తెనాలిలో కూడా చేయొచ్చు, మీ ఇంటికి ఇంటర్నెట్ ఉంటే చాలు. ఆఫీసు మీటింగు మధ్యలో వాళ్ళమ్మ వచ్చి 'గేటు తియ్యి' అంటే అప్పుడు తెలుస్తుంది మీ మరిదికి, వీడియో కాల్‌లో ఎంత చూసినా తెలియని సంగతి.

మరిది కంటే ముందు మాట్లాడాల్సిన మనిషి ఇంకొకరున్నారు. ఉత్తరంలో మీవారి గురించి రాసింది ఒక్క ముక్క, 'మంచివారే, పొద్దున్నే క్లాసులుంటాయి'. అమ్మా, మీకూ పొద్దున్నే ఆరింటికి పని మొదలవుతుంది, పైగా ఆ పనికి ఆదివారం లేదు. రాత్రి రెండింటికి గేటు దగ్గర నిలబడేది ఆయన కన్నతల్లి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం కొడుకులకు మొహమాటంగా ఉంటుందంటే ఒప్పుకుంటాను, ఆవిడకూ సిగ్గుగానే ఉంటుంది. రాత్రి కాపలాకు, మందులకు, రాత్రి అన్నం తినిపించడానికి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి మొహమాటం ఏముంది? వారంలో మూడు రాత్రులు ఆయనవి. ఆ రాత్రుల్లో మీరు వేరే గదిలో తలుపు గడియ పెట్టుకుని పడుకోవాలి. ఒకే గదిలో పడుకుని 'ఈ రోజు నా డ్యూటీ కాదు' అనుకుంటే నిద్ర పట్టదు, ఆవిడ మంచం కిర్రుమంటే ముందు లేచేది మీరే. ఆయనకు క్లాసులో కునుకు వస్తే రానివ్వండి. ఒక వారం అలా గడిస్తే డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాల్సిన అవసరం ఆయనకే తోస్తుంది.

మనిషి అంటే ఆయా. అందరూ చేసే పనేంటంటే పగటిపూట ఆయాను పెడతారు. నన్నడిగితే ఉన్న డబ్బంతా ముందు రాత్రిపూట మీద పెట్టండి. పగలు ఎలాగో గడుస్తుంది, పక్కింటివాళ్ళుంటారు, వెలుతురుంటుంది. రాత్రి నిద్ర చెడితే పగలంతా పోయినట్టే. వారానికి రెండు మూడు రాత్రులు మనిషి వచ్చినా మీ ముఖం మారిపోతుంది. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే ఆధార్ కాపీ తీసుకోండి, మొదటి రెండు రాత్రులు మీవారిని ఇంట్లోనే గమనించమనండి, వచ్చే మనిషి మాటిమాటికీ మారకుండా ఒకరినే పంపమని ముందే మాట్లాడుకోండి. ఆ ఖర్చుకు అత్తయ్య పెన్షన్ ఉంది కదా! అది ఎవరూ ముట్టుకోరని ఏదో గొప్పగా రాశారు. ఎవరి కోసం దాస్తున్నట్టు? ఆవిడ భర్త ఉద్యోగం చేసి ఆవిడ కోసం విడిచివెళ్ళిన డబ్బది. ఆవిడ నిద్రకూ, ఆవిడ డైపర్లకూ, ఆవిడను చూసే మనిషికీ ఖర్చు కాకపోతే చివరికి ముగ్గురు పిల్లలు పంచుకుంటారు, అందులో మీకు మిగిలేది నడుము నొప్పి. దాని మీద ఖర్చయిన ప్రతి రూపాయీ మీవారు ఒక నోటుబుక్కులో రాసి నెలాఖరుకు తమ్ముడికీ చెల్లెలికీ ఫొటో తీసి పంపితే రేపు ఎవరూ నోరెత్తలేరు. చాలకపోతే మిగతాది మూడు వాటాలు.

ఇక్కడొక చిన్న హెచ్చరిక. వంతుల బేరం మొదలైతే వెనకాలే ఇల్లు, స్థలం మాట వస్తుంది. ఆవిడ ఉన్న ఈ స్థితిలో ఆస్తి కాగితాల మీద సంతకమో వేలిముద్రో తీసుకునే పని ఎవరు మొదలుపెట్టినా మీరు దూరంగా ఉండండి. ఏం రాస్తోందో తెలియని మనిషి పెట్టిన సంతకం కోర్టులో నిలబడదు, ఆ గొడవలో మాత్రం 'కోడలు రాయించుకుంది' అనే మాట నిలబడిపోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది, కేసు వేయమని కాదు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలో బాధ్యత పిల్లల మీద పెట్టారు. పిల్లలంటే కొడుకు, కూతురు, మేజరైన మనవడు, మనవరాలు. పెళ్ళయి వెళ్ళిపోయిన కూతురు కూడా అందులో ఉంది. కోడలు లేదు. కోడళ్ళనూ అల్లుళ్ళనూ చేర్చాలని 2019లో ఒక సవరణ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాకుండానే మురిగిపోయింది. అంటే అత్తయ్యను చూడాల్సిన ముగ్గురిలో మీరు లేనే లేరు, మీరు చేస్తున్నదంతా మీవారి వాటా పని. ఆడపడుచు ఫోన్‌లో 'వదినా, అమ్మకు బాదంపప్పు నానబెట్టి పెడుతున్నారా' అన్నప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే చాలు, పైకి అనక్కర్లేదు. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, అక్కడి దాకా పోయే కుటుంబంలా నాకు మీది కనిపించడం లేదు. వాళ్ళంతట వాళ్ళే వంతులు అన్నారంటే ఎంతోకొంత మనసుంది, తెలియకే తప్పు దారి చెప్పారు.

ఇప్పుడు ఆ రాత్రి రెండు గంటల సంగతి. 'మా ఇంటికి పోతా' అన్నప్పుడు మీరు 'ఇదే మీ ఇల్లు అత్తయ్యా, ఇంకెక్కడికి పోతారు' అంటున్నారనుకుంటాను, అందరం అదే అంటాం. దాంతో గొడవ పెరుగుతుంది. ఆవిడ అడుగుతున్నది అడ్రసు కాదు. చీకట్లో మెలకువ వచ్చింది, చుట్టూ ఉన్నది ఏదీ తెలియలేదు, భయమేసింది, భయమేస్తే చిన్నప్పటి ఇల్లు కావాలి. 'పోదాం అత్తయ్యా, తెల్లారనివ్వండి, ఈలోపు పాలు తాగండి' అనండి. మూట లాక్కోకండి. 'మీ ఇంట్లో గేదెలెన్ని, పాలెవరు పిండేవారు' అని అడగండి, ఆవిడ చెప్తూ చెప్తూ మంచం మీదికి వచ్చేస్తుంది. రోజూ పనిచేస్తుందని హామీ ఇవ్వను, పది రోజుల్లో ఆరు రోజులు పనిచేసినా మీకు మేలే కదా. గేటుకు తాళం వేసినా ఇంట్లోవాళ్ళకు తాళం చెవి చేతికందేలా ఉండాలి, నిప్పు అంటుకుంటే అందరూ బయటపడాలి. బాత్రూమ్ దాకా చిన్న లైటు రాత్రంతా వెలుగుతూ ఉండాలి. సాయంత్రం కాఫీ, టీ మానిపించి మధ్యాహ్నం నిద్ర అరగంటకు తగ్గించండి. పొద్దున ఎండలో వీధి చివరిదాకా నడిపిస్తే రాత్రి నిద్రకు మంచిది, ఆ నడక మీరే నడిపించాలని ఏం లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ తిరుగుడు ఒక్కసారిగా ఎక్కువైతే, నాలుగు రోజుల్లో మనిషి వేరే మనిషిలా అయిపోతే, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. పెద్దవాళ్ళలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రాకుండానే గందరగోళం పెరగొచ్చు. మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, చెప్పలేని నొప్పి, ఇవన్నీ అలాగే కనబడతాయి. వెంటనే చూపించండి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి 'వీటిలో మతిమరుపును పెంచేవి ఏమైనా ఉన్నాయా' అని న్యూరాలజీ డాక్టరును అడగండి. జలుబుకూ, దురదకూ మందుల షాపులో అడిగి వేసే కొన్ని మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చే కొన్ని మందులు ఈ జబ్బువాళ్ళకు తల మరింత మసకబారుస్తాయి. నిద్రమాత్ర సొంతంగా వేయడం అసలు వద్దు, మత్తులో లేచి పడితే తుంటి విరుగుతుంది, ఆ తర్వాత మీ పని ఇప్పటికి పదింతలు.

స్నానం దగ్గరే కదా గొడవంతా జరిగింది. రోజూ చేయించాలని ఎవరన్నారు? వారానికి రెండు మూడు సార్లు స్నానం, మిగతా రోజుల్లో గోరువెచ్చని తడిబట్టతో చంకలు, తొడల సందులు, రొమ్ముల కింద తుడిచి పొడిగా ఆరబెడితే సరిపోతుంది. మడి, తడి పట్టింపు ఉన్న చుట్టాలు ముక్కు విరిస్తే తువ్వాలు వాళ్ళ చేతికివ్వండి. ఆవిడ గిల్లడానికి కారణం ఉంది. తాను గుర్తుపట్టని మనిషెవరో వచ్చి బట్టలు విప్పుతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది, పైగా చలి, తల మీద నీళ్ళు పడితే భయం. నీళ్ళు ముందే తోడి పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ వేసి భుజాల మీద పాత నూలు చీర ఒకటి కప్పి ఉంచే స్నానం చేయించొచ్చు, చీర తడిస్తే తడుస్తుంది. పాదాల మీద నుంచి మొదలుపెట్టి పైకి రండి. చెంబు ఆవిడ చేతికే ఇవ్వండి, డెబ్భై ఏళ్ళ అలవాటు కదా, సగం నీళ్ళు తనే పోసుకుంటుంది. పొద్దున్నే తొమ్మిదిలోపు అయిపోవాలనే హడావిడి మీది, ఆవిడది కాదు. టిఫిన్ తిని కుదురుగా ఉన్న వేళ ఏదో మీకే తెలుస్తుంది, ఆ వేళే చేయించండి. ఆవిడ గోళ్ళు కత్తిరించండి, మీవి కూడా.

మీకు పగలు కొంచెం ఊపిరాడాలంటే ఆవిడ చేతులకు పని కావాలి. కాసింత పత్తి ఇచ్చి వత్తులు చేయమనండి. పేరు గుర్తులేకపోయినా వేళ్ళకు గుర్తుంటుంది, పత్తి సాగదీసి, అరచేతిలో విబూది అద్దుకుని, గిరుక్కున తిప్పి పక్కన పెడుతుంది. చింతపండు గింజలు తీయించొచ్చు, ఉతికిన తువ్వాళ్ళు మడతపెట్టించొచ్చు. మడతపెట్టినవి లోపలికి తీసుకెళ్ళి విప్పి మళ్ళీ తెచ్చిచ్చినా ఏం కాదు, మోసమేం కాదది.

మీ ఒంటి సంగతి చివరికి రాస్తున్నానని అది చిన్న విషయం అనుకోవద్దు. రెండు నెలలుగా థైరాయిడ్ మాత్ర లేదు. ఆ హార్మోను తగ్గితే ఒళ్ళు బరువు, నీరసం, మతిమరుపు, దేని మీదా మనసు పోకపోవడం, అన్నీ వస్తాయి. 48లో నెలసరి ఆగే దశ కూడా, నిద్ర చెదరడం, ఉన్నట్టుండి చిరాకు దాని పుణ్యమే. మీరు 'చెడ్డదాన్నయ్యాను' అనుకుంటున్న దాంట్లో ఎంత భాగం అరిగిపోయిన ఒంటిదో తెలియాలంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ పరీక్ష చేయించుకుని బీపీ చూపించుకోవాలి. రేపు పొద్దున మాత్రలు తెచ్చే పని మీవారిది, మెసేజ్ పెట్టండి. డాక్టర్లు, కౌన్సెలర్లు ఇలా ఇంట్లో రోగిని చూసేవాళ్ళ భారం ఎంతో తెలుసుకోవడానికి వాడే 22 ప్రశ్నల పట్టిక ఒకటుంది, జారిట్ అనే మనస్తత్వవేత్త పేరు మీద. అందులో 'ఆ మనిషి దగ్గరున్నప్పుడు మీకు కోపం వస్తుందా' అనేది మామూలు ప్రశ్నల్లో ఒకటి. అంటే అది రావడం వాళ్ళకు కొత్త కాదు. రెండు వారాలుగా ఏడుపు ఆగకపోతున్నా, బతకాలని అనిపించకపోతున్నా 14416కి చేయండి, టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, రాత్రి రెండింటికి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ళకు సంబంధించిన సలహాకు పగటిపూట 14567 ఉంది. అత్తయ్యకు డెబ్భై దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకుని ఉంచండి, ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం వస్తుంది. ఆసుపత్రిలో చేరితేనే సుమా, ఇంటి దగ్గర ఆయాకు ఇవ్వరు.

మీరు అడగని, కానీ మనసులో ఉండే ఉంటుందనుకునే సంగతి, ఆశ్రమం. చేర్చడం మహాపాపం అని నేననను. మామూలు వృద్ధాశ్రమాలు చాలావరకు డిమెన్షియావాళ్ళను చేర్చుకోవు, చేర్చుకున్నా తాళం వేసి కూర్చోబెట్టే చోట్లున్నాయి. ఈ జబ్బు కోసమే నడిపే చోట్లు పెద్ద నగరాల్లో ఉన్నాయి, ఖర్చెక్కువ. ఎప్పటికైనా ఆ రోజు రావచ్చు, ఆవిడ మంచం దిగలేని స్థితి వస్తే, మీవారికో మీకో ఆపరేషన్ అవసరమైతే. అప్పుడు చూడటానికి చెప్పకుండా వెళ్ళండి, రాత్రి ఎనిమిది తర్వాత. ఎంతమంది పెద్దవాళ్ళకు చూసే మనుషులు ఎంతమంది ఉన్నారో, బాత్రూమ్ వాసన ఎలా ఉందో ఆ వేళకే తెలుస్తుంది. కానీ ముగ్గురు పిల్లల్లో ఇద్దరు ఇంకా ఇక్కడికొచ్చి ఒక్క రాత్రి కూడా మేలుకోకముందే ఆశ్రమం మాట ఎత్తడం తొందరపాటు, అంతే.

ఊళ్ళో వాళ్ళ మెచ్చుకోలు ఒకటి జాగ్రత్త. 'ఈ రోజుల్లో ఇలాంటి కోడలు ఎక్కడుంది' అంటారు. వినడానికి బాగుంటుంది. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఒక గంట వచ్చి కూర్చోరు. పైగా అంత పేరొచ్చాక 'నావల్ల కాదు' అనడానికి నోరు రాదు. ఈసారి ఎవరైనా అంటే 'అవును పిన్నీ, బుధవారం సాయంత్రం గంటసేపు మీరు కూర్చుంటారా, నేను మందులకెళ్ళొస్తాను' అని అడిగి చూడండి. కొందరు నిజంగానే వస్తారు.

ఇక మరిదికీ ఆడపడుచుకీ చెప్పడం. ఫోన్‌లో చెప్తే ఏడుస్తారు మీరు, ఏడుపు వింటే వాళ్ళు ఓదారుస్తారు, ఓదార్చాక అందరికీ మనసు తేలికపడి పని అలాగే ఉండిపోతుంది. అందుకని ఒక రోజు, పొద్దున లేచిన దగ్గర్నుంచి మర్నాడు తెల్లారేదాకా, ఏ టైముకు ఏం చేశారో రాయండి. రెండింటికి గేటు, మూడుంబావుకు పక్క తడిపింది, దుప్పటి మార్చాను, ఇలా. నిష్ఠూరాలు వద్దు, ఉత్త టైములు. ఆ కాగితం ఫొటో ఇంటి గ్రూపులో పెట్టాల్సింది మీరు కాదు, మీవారు. కింద ఆయన పేరు మీద ఇలా రాయించండి:

'అమ్మను ఇళ్ళు మారిస్తే తట్టుకోలేదు, పోయినసారి చూశాం. అందుకని అమ్మ ఇక్కడే ఉంటుంది, మనం మారదాం. తమ్ముడూ, ప్రతి రెండో నెలా మొదటి పది రోజులు నువ్వు ఇక్కడికి వచ్చి ఉండాలి, లాప్‌టాప్ తెచ్చుకో. చెల్లీ, మధ్య నెలల్లో వారం రోజులు నీవి. ఆ రోజుల్లో మీ వదిన ఊళ్ళో ఉండదు. రాలేని నెలలో రాత్రి ఆయా ఖర్చు మొత్తం ఆ రానివాళ్ళదే. అమ్మ పెన్షన్ ఈ నెల నుంచి అమ్మకే ఖర్చు పెడుతున్నాం, లెక్క నేను పంపుతా. మొదటి వంతు వచ్చే నెల ఒకటో తారీఖు.'

మరిది 'ఆఫీసులో అడిగి చెప్తా అన్నయ్యా' అంటాడు. అడగనివ్వండి. ఈలోపు ఒకటో తారీఖుకు మీ పుట్టింటికో అక్క ఊరికో టికెట్ తీసుకోండి, ఆ ఫొటో కూడా గ్రూపులో పెట్టండి.